ఆషాఢం ఇల్లు

మా చిన్నమ్మ పోయిన పొద్దున ధర్మవరంలో మా వీధి వీధంతా అది పుణ్యమైన చావని చెప్పుకుంది. నొసట బొట్టుతో, చేతినిండా గాజులతో, కాళ్లకు మెట్టెలతో పోయిందట. ఎన్ని నోములు నోస్తే అట్లాంటి చావు వస్తుందట. పై వీధుల నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి ఆమె పాదాల దగ్గరి పసుపు తీసుకొని తమ తాళిబొట్లకు అద్దుకున్నారు. నేను అరుగు మీద కూచుని ఆ మాటలు వింటూ పళ్లు కొరుక్కున్నాను. ఆమె మొగుడు, అంటే మా నాయన తమ్ముడు, ఆమెకు ఇరవై ఏళ్లు నిండకముందే సముద్రం పక్కన ఒక ఏట్లో పోయాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు, మా అవ్వకు తెలుసు, నాకు తెలుసు. కానీ ఆయన ఎక్కడికో వెళ్లిపోయాడని, ఏదో ఒకనాటికి తిరిగి వస్తాడని మా ఇంట్లో తీర్మానం చేసుకున్నారు. ఆ తీర్మానాన్ని ఆమె నొసటి మీద బొట్టుగా బతికినంత కాలం పెట్టించారు. అవ్వ పోయింది, నాయన పోయాడు. ఆయన పోయిన సాయంత్రం ఆ సముద్రం పక్క ఇంట్లో ఉన్నవాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే. ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సిన పని నా మీద పడింది.

ఆ ఇల్లు నెల్లూరు వైపు, సముద్రం మోత వినిపించే దూరంలో ఉంటుంది. ఊరి పేరు రాయను. రాస్తే మా తమ్ముడి కొడుకు సురేష్ నడిపే దుకాణానికి ఇంకో నలుగురు పోతారు. వాడు ఇప్పుడు ఆ ఇంటిని రోజు అద్దెకు ఇస్తున్నాడు. నెల్లూరు వైపు ఇళ్లకు చీరలు తీసుకుపోయి అమ్మే రోజుల్లో మా తాత ఆ ఇల్లు కొన్నాడు. రెండు గదులు, ముందొక గడప, వెనకొక వసారా, పైన పెంకులు, చుట్టూ సరుగుడు తోపు. ఇంటిల్లిపాదీ దాన్ని ఆషాఢం ఇల్లు అనేవాళ్లం. ఆషాఢంలో పెండ్లిళ్లు ఉండవు. పెండ్లిళ్లు లేకపోతే పట్టుచీర అడిగేవాడు ఉండడు. మగ్గం గుంటలోంచి కాళ్లు బయటికి తీసి చాపుకునే నెల మాకు అదొక్కటే. ఇప్పుడు చూడండి, ఆ ఆషాఢంలోనే తగ్గింపు బోర్డులు కట్టి, మైకుల్లో అరిచి, నేసేవాడికి ఉన్న ఆ ఒక్క నెల కూడా లాక్కున్నారు. అడిగితే అది వ్యాపారమంటారు. మా తాతదీ వ్యాపారమే. మనుషులకు ఊపిరి తీసుకునే నెల ఒకటి కావాలని ఆయనకు తెలుసు. ఇల్లు కొన్న మరుసటి ఏడే ఆయన పోయాడు. పెత్తనం అవ్వ చేతికి వచ్చింది.

ఐదో తరగతితో నన్ను బడి మాన్పించి మగ్గం దగ్గర కూచోబెట్టారు. తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయంలో, నా అంతట నేను నేర్చుకున్నదే. అందుకే నాకు ప్రయాణమంటే పాఠమే. ధర్మవరంలో పాకాల రైలు ఎక్కితే కదిరి, మదనపల్లె దాటుకుంటూ, బండ్లు మారుకుంటూ, చివరికి ఎద్దులబండిలో సరుగుడు తోపు చేరేవాళ్లం. రాగిపిండి మూట, ఊరుబిండి పచ్చడి డబ్బా, ఎండుమిరపకాయలు అవ్వ ఒడిలోనే ఉండేవి. "సముద్రం కాడ అన్నీ దొరుకుతాయి, సంగటి దొరకదు" అనేది. పట్టుచీర ఒక్కటి కూడా తెచ్చేది కాదు. ఆ గాలికి జరీ నల్లబడుతుంది. పట్టు ఉడకబెట్టిన సబ్బు వాసన, గంజి వాసన తప్ప ఇంకో వాసన తెలియని ముక్కులు మావి. ఆ ఇంటి తలుపు తీయగానే ఉప్పు, బూజు, ఎక్కడో ఎండుతున్న చేపలు, మాగిన సరుగుడాకు అన్నీ కలిసిన వాసన మీదికి వచ్చేది. గోడలకు చెమట పట్టేది. నిజంగానే. చెయ్యి పెడితే తడి, నాలుకకు రాసుకుంటే ఉప్పు. ముందురోజు తెరుచుకున్న తలుపు మరుసటి రోజు ఉబ్బి బిగుసుకుపోయేది, లోపల ఎవరో ఆనుకుని నిలబడ్డట్టు. అవ్వ పొద్దున్నే వాకిట్లో ఇసుక మీద నీళ్లు చల్లి ముగ్గు వేసేది. చివరి గీత వేసేలోపల మొదటి గీతను గాలి తీసుకుపోయేది. ఆమె మళ్లీ మొదటి నుంచి వేసేది. ఏ ఊళ్లో ఉన్నా ముగ్గు లేని వాకిలి ఆమెకు పీనుగ లేచిన ఇల్లే.

అవ్వకు ముగ్గు ఎంత గట్టి నియమమో, పిలుపు నియమం అంతకంటే గట్టిది. దీపాలు పెట్టే వేళ బయటి నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకకూడదు. రెండోదానికీ పలకకూడదు. మూడోసారి పిలిస్తేనే పలకాలి. "మొదటిది గాలి, రెండోది దయ్యం, మూడోది మనిషి" అనేది. పెనుకొండలో ఆమె చిన్నప్పటి స్నేహితురాలు ఒకామె మొదటి పిలుపుకే ఓ అని వాకిట్లోకి పోయి, జ్వరం తగిలి, మళ్లీ లేవలేదట. ఈ కథ మాకు అన్నంతో పాటు పెట్టింది. ధర్మవరంలో ఇది పెద్ద ఇబ్బంది కాదు. పిలిచేవాడూ ఆ నియమం తెలిసినవాడే, మూడుసార్లూ పిలుస్తాడు. మా వీధిలో సాయంత్రమైతే ఎవరినైనా మూడేసిసార్లు పిలవడం మామూలే.

చిన్నమ్మ పేరు రత్నమ్మ. హిందూపురం పిల్ల. మాట్లాడితే నడుమ నడుమ కన్నడం దొర్లేది, దానికి అవ్వ ఎగతాళి చేసేది. పెండ్లయిన మొదటి ఆషాఢం అత్తా కోడళ్లు ఒక గడప దాటకూడదని పుట్టింట్లో ఉండి, రెండో ఏడు మాతో వచ్చింది. ఆ ఏడు అమ్మ కాన్పుకని కనగానపల్లిలో తన పుట్టింట్లో ఉంది. వచ్చింది అవ్వ, నాయన, చిన్నాయన, చిన్నమ్మ, నేను. పగలంతా చుట్టుపక్కల తిరిగేవాళ్లం. ఒకరోజు లైట్‌హౌస్, ఒకరోజు ఉప్పుమళ్లు, ఒకరోజు వలలు లాగే చోటు. ఉప్పుమళ్ల దగ్గర కనుచూపు మేర తెలుపు. మనిషి దూరంగా నడిస్తే కాళ్లు కరిగిపోయి, నడుము నుంచి పైభాగమే గాలిలో తేలుతూ పోతున్నట్టు కనిపించేది. అవ్వ అది చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్లీ ఆ వైపు రాలేదు.

అక్కడే నేను ఒకటి చూశాను. మా కాలంలో మొగుడు పెండ్లాన్ని పేరు పెట్టి పిలవడం లేదు. ఇదిగో, ఏమే, అంతే. ధర్మవరంలో చిన్నాయన నోట ఆమె పేరు ఒక్కసారి కూడా నేను వినలేదు. కానీ ఆ ఉప్పుమళ్ల గట్టు మీద అవ్వా నాయనా ముందు నడుస్తుంటే, వెనక మిగిలిన చిన్నాయన గాలిలోకి "రత్నా..." అని పిలిచాడు. సాగదీసి, పాడినట్టు. ఆమె అదిరిపడి నా వైపు చూసింది. ఆయన నవ్వి, నాకేసి వేలు పెదాల మీద పెట్టి చూపించి, మళ్లీ పిలిచాడు. "అయ్యో, ఊరుకో మారాయా, మీయమ్మ వింటాది" అని ఆమె కొంగుతో కొట్టబోయింది. ఆ తర్వాత ఎక్కడికి పోయినా ఏదో ఒక చోట ఆయన వెనకబడేవాడు, ఆమె పేరు గాలిలో వినిపించేది. మగ్గం నుంచి, వీధి నుంచి, వాళ్లమ్మ చెవి నుంచి దూరంగా, ఆయనకు ఆ ఇల్లు ఇచ్చిన సెలవు అదొక్కటే.

ఇంటి ముందు కొంచెం దూరంలో ఒక ఏరు సముద్రంలో కలుస్తుంది. దానికి అవతల ఇసుక తిన్నె. ఆ ఏట్లో ఎప్పుడు చూసినా నీళ్లే ఉండేవి. మేం చూసింది పొద్దున్నో సాయంత్రమో. ఆ అమావాస్య నాడు నడిపొద్దుకు ముందు చూస్తే ఏరు ఎండిపోయి ఉంది. తడి ఇసుక మెరుస్తోంది, నడుమ పాదం తడిసేంత నీటి పాయ. ఆ ఏడు మా సీమలో వానల్లేవు. అవ్వ గట్టు మీద నిలబడి చూసి, "మన మాదిరే ఈళ్ల ఏరూ ఎండిపాయనే పాపం" అంది. ఆమె గొంతులో నిజమైన జాలి. ఇంటికి కాపలా ఉండే పోలయ్య చెల్లెలి ఊరికి పోయి ఉన్నాడు. ఉంటే ఒక్క మాటతో ఆపేవాడు. మాకేం తెలుసు? మా ఊరి చిత్రావతి ఎండిందంటే మళ్లీ వాన పడేదాకా ఎండినట్టే. దాంట్లో గొర్రెలు తోలుతాం, బండ్లు తోలుతాం, పడుకుని నిద్రపోతాం. నీళ్లు వచ్చేదుంటే ముందు మబ్బు చెబుతుంది, ఉరుము చెబుతుంది. మబ్బు లేకుండా, చుక్క వాన లేకుండా, సముద్రం వైపు నుంచి వెనక్కి నిండే ఏరు ఒకటుంటుందని మా వంశంలో ఎవరూ వినలేదు.

సంగటి ముద్దలు మూట కట్టుకుని అవతలికి నడిచాం. తిన్నె మీద చిన్నాయన మా ఊరి అలవాటు కొద్దీ ఇసుకలో చెలమ తవ్వాడు. నీళ్లు ఊరాయి. అవ్వ ఇత్తడి చెంబుతో ముంచి తాగి కళ్లు పెద్దవి చేసింది. "ఒరేయ్, తియ్యగుండాయిరా! సముద్రం పక్కన తియ్యనీళ్లు! ఇది మన చిత్రావతే పోండి." ఆ మాటతో అందరికీ ధైర్యం వచ్చింది. తిన్నాం, పడుకున్నాం, గవ్వలు ఏరాం. పొద్దు వాలుతుంటే తిరిగి దాటాం. పోయేటప్పుడు పాదం తడిసింది, వచ్చేటప్పుడూ పాదమే తడిసింది. ఇంకేం కావాలి సాక్ష్యం? ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కునేదానికి చూస్తే చెంబు లేదు. చెలమ గట్టున మరిచిపోయాం. అది తాత చెంబు. "పోయి తీసుకరాపోరా నరసింహా, ఎంత దూరమని" అంది అవ్వ. చిన్నాయన తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరాడు. గడపలో కూచుని జుట్టు విప్పుకుంటున్న చిన్నమ్మ వైపు ఒక చూపు చూసి పోయాడు.

అవ్వ గూట్లో దీపం పెట్టింది. నేనూ నాయనా వెనక వసారాలో ఉన్నాం. సరుగుడు తోపు ఉన్నట్టుండి మూలగడం ఆపింది. ఆ నిశ్శబ్దంలో, ఏటి వైపు నుంచి, "రత్నా..." అని వినిపించింది.

సాగదీసి, పాడినట్టు. అదే పిలుపు.

నేను తలుపు సందులోంచి చూశాను. చిన్నమ్మ లేచింది. అవ్వ ఆమె మణికట్టు పట్టుకుని గడప మీద కూలేసింది. "పలకొద్దు" అంది. రెండోసారి వినిపించింది. ఈసారి పాటలాగా లేదు. చిన్నమ్మ గింజుకుంది. "ఆయప్పేనత్తా, పోనియ్యత్తా" అంది. అవ్వ గొంతు తగ్గించి, పళ్ల మధ్య నుంచి చెప్పింది. "నా కొడుకు పెండ్లాన్ని పేరు పెట్టి పిలుస్తాడా? బుద్ధెరిగినాక వాడు ఆడదాని పేరు నోట పలికినాడా? అది వాడు కాదు. అమావాస్య పూట పేరు తెలుసుకోని పిలుస్తాంది. మూడోది రానీ." నేను నాయన చెయ్యి పట్టుకుని లాగాను. "నాయనా, చిన్నాయన అట్లనే పిలుస్తాడు, ఉప్పుమళ్ల కాడ పిలిచినాడు, నేను విన్న్యా" అన్నాను. నాయన నా చెంప మీద ఒకటి కొట్టి "నోరు మూసుకో" అన్నాడు. భయంతో కొట్టాడని పెద్దయ్యాక తెలిసింది. ఆనాటి నుంచి ఈనాటి దాకా నోరు మూసుకోమన్నవాడి ముందు నేను నోరు మూసుకున్నది లేదు. ఊళ్లో నాకున్న చెడ్డపేరంతా దానివల్లనే.

మూడోదాని కోసం అందరం చెవులు రిక్కించుకుని కూచున్నాం. తోపు మళ్లీ మూలగడం మొదలుపెట్టింది. వెనక వసారాలో మాకు ఇంకేమీ వినిపించలేదు. కాసేపటికి నాయన తట్టుకోలేక లాంతరు తీసుకుని బయలుదేరాడు. నేనూ వెంట పరుగెత్తాను. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు, అన్నీ చుక్కలే. ఏరు నిండుగా ఉంది. గట్టు తాకుతూ, చప్పుడు లేకుండా, కొత్త కుండలా నిండుగా. నాయన లాంతరు ఎత్తి చూపించాడు. నీటి మీద సరుగుడాకు ఒకటి పోతోంది, సముద్రం వైపు నుంచి లోపలి వైపుకు. నీళ్లు వెనక్కి పారుతున్నాయి. నాయన లాంతరు దించాడు. "ఇదేం ఏరురా" అన్నాడు, నాతో కాదు. తర్వాత ఆయన ఎన్నిసార్లు కేక వేశాడో, నీళ్లలోంచి జవాబు లేదు.

తెల్లారి చూస్తే ఏట్లో నీళ్లు తీసేస్తున్నాయి, నడిపొద్దుకు మళ్లీ ఎండింది, ఏమీ జరగనట్టు. పల్లెకారులు పడవలు వేసుకుని రెండు రోజులు వెదికారు. మనిషి దొరకలేదు. దొరికింది చెంబు. ఇవతలి గట్టున, మా ఇంటి వైపున, ఇసుకలో నిలువుగా కూచోబెట్టినట్టు ఉంది. దాన్నిండా నీళ్లు. అవ్వ వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "తియ్యగుండాయి" అంది. అంతే, ఆ మాట పట్టుకుంది. వాడు చెలమ నీళ్లు పట్టుకుని ఏరు దాటినాడు, చెంబు ఈడ పెట్టినాడు, ఎవరి మీదనో అలిగి ఎటో పోయినాడు. ఏట్లో పోయినోడైతే చెంబు ఇవతలికి ఎట్ల వస్తాది? ఆ చెంబు ఎట్లా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. తెలియనిదాన్ని తెలియదని చెప్పగలను. కానీ పిలిచిందెవరో నాకు తెలుసు.

వాళ్లు ఎందుకట్లా తీర్మానించారో ఎదిగాక అర్థమైంది. పిలిచింది చిన్నాయనే అయితే, కన్నతల్లి గడపలో కూచుని కొడుకు చావు విన్నట్టు. పిలిచింది ఆయన కాకపోతే, ఆయన బతికే ఉన్నట్టు. ఇల్లంతా రెండోదాన్నే ఎంచుకుంది. తనకల్లు సంతలో కనిపించాడని ఒకడు, హిందూపురం బస్టాండులో గడ్డం పెంచుకుని కూచున్నాడని ఒకడు వచ్చి చెప్పేవాళ్లు. చెప్పినవాడికి అవ్వ కడుపునిండా పెట్టి పంపేది. చిన్నమ్మ మాత్రం ఏ కబురుకూ తల ఎత్తేది కాదు. మగ్గం మీద వంగి పోగు అతుక్కుంటూ ఉండేది. పొద్దున్నే అవ్వ కుంకుమ భరిణె తెచ్చి ముందు పెడితే పెట్టుకునేది. మొదట్లో ఒకరోజు పెట్టుకోలేదు. "నా కొడుకు బతికుండంగానే సంపుతావా?" అని అవ్వ గోడకేసి తల కొట్టుకుంది. ఆ తర్వాత భరిణె ముందుకు రాకముందే బొట్టు ఉండేది.

ఇంకొకరైతే ఆ ఇంటి మొహం చూడరు. అవ్వ ప్రతి ఆషాఢం బయలుదేరదీసేది. దీపాల వేళకు గడప మీద కూచునేది, ఏటి వైపు మొహం పెట్టి. ఆమె పక్కనే, తగలకుండా, చిన్నమ్మ. మేం పిల్లలం లోపలి గదిలో ఒకరినొకరం పట్టుకుని పడుకునేవాళ్లం. కొన్ని సాయంత్రాలు తోపు మూలగడం ఆపేది. అప్పుడు ఏదో వినిపించేది. నీటిపిట్ట అనుకుంటే నీటిపిట్ట. గుమ్మంలో రెండు వీపులూ ఒక్కసారి నిటారుగా అయ్యేవి. కాసేపటికి అవ్వ లేచి "ఈరోజుకు లేదు" అనేది. ఏం లేదో మాకు ఎవరూ చెప్పలేదు. ఆమె కాలం చేసిన ఏడు కూడా ఆ గడప మీద కూచునే వచ్చింది.

పోయిన ఆషాఢంలో చిన్నమ్మ నన్ను పిలిచి, "అంజీ, ఒగసారి ఆ ఇంటికి తీసకపో" అంది. నడవలేదు, మోయాలి. సురేష్ కారు పెట్టాడు. పోయి చూస్తే ఇంటికి నీలం రంగు, తోపులో ఉయ్యాలలు, గోడకు వేలాడేసిన, అడ్డపోగు నడిపే మగ్గం నాడె. నాడె గోడకు! మా వేళ్లు కాయలు కాచిన పనిముట్టు వాళ్లకు అలంకారం. బెంగళూరు నుంచి వచ్చిన పిల్లలు రబ్బరు చొక్కాలు వేసుకుని ఏట్లో మోటారు పడవల మీద తిరుగుతున్నారు. పోటు ఎన్ని గంటలకో, ఆటు ఎన్ని గంటలకో బల్ల మీద రాసిపెట్టి ఉంది. మాకు కావాల్సింది ఆ ఒక్క బల్ల. ఇప్పుడు దాన్ని చదివేవాడు లేడు, అందరూ దాని ముందు ఫోటోలు దిగుతున్నారు. "పెదనాయనా, ఆ పాత కథ వీళ్లకు చెప్పొద్దప్పా, మళ్లీ ఎవరూ రారు" అన్నాడు సురేష్. "నీ ఉయ్యాలల్లో నువ్వే ఊగుపో" అన్నాను.

చిన్నమ్మను గడప మీద కూచోబెట్టాను. పొద్దు గుంకుతోంది. పక్కన పాటలు మోగుతున్నాయి. ఆమె ఏటి వైపు చూస్తూ, అన్నేళ్లలో మొదటిసారి, ఆ మాట ఎత్తింది.

"అంజీ, ఆ పొద్దు నువ్వు ఎన్ని విన్న్యావు?"

"రెండు, చిన్నమ్మా."

"రెండూ నా పేరే."

"ఊఁ."

"మూడోది ఇనపళ్లేదా మీకు?"

మూడోది రాలేదు కదా అన్నాను.

"వచ్చె. మీరు ఎనకల ఉండ్రి. మూడోది నా పేరు కాదప్పా. 'అమ్మా' అనె."

ఆమె తన చెయ్యి తీసి తన నోటి మీద పెట్టుకుని చూపించింది, ఆనాడు అవ్వ ఎట్లా పెట్టిందో. "నేను అరస్తానని మీ అవ్వ ఇట్ల పెట్నె. చెవిలో ఏమనె తెలుసునా? 'ఇది నన్ను. నన్ను ఒగసారే పిలిచె. ఇంగా రెండుసార్లు పిలవనీ' అనె. లెక్క పెట్టుకోని కూచుండె. ఆ రెండిటి కోసమే సచ్చిందాకా ఈ గడపలో కూచుండె."

ఆ ముసలామె మీద ఇన్నేళ్లూ పళ్లు నూరిన నాకు, ఆ క్షణంలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. కొడుకు కాదనుకుని ఊరుకుందని అనుకున్నాను. కొడుకేనేమో అని తెలిసీ, అమ్మా అని ఇంకో రెండుసార్లు అంటాడేమో అని కూచుంది. ఏట్లో మునిగేవాడికి మూడు లెక్క తెలుసా? తెలిసే ఉంటుంది, వాడూ ఆ ఇంట్లో పెరిగినవాడే. నియమం తప్పకుండా పిలవడానికి ఊపిరి చాలలేదు.

"ఆయమ్మ ఉండంగ చెప్పలేకపోతి" అంది చిన్నమ్మ. "చెప్తే ఆ పొద్దే సచ్చిపోతాండె. తరవాత ఎవరికి చెప్పల్ల? ఇప్పుడు నీకు చెప్తాండా. నేను పోయినప్పుడు ఈ బొట్టు తుడిసి పంపించు. ఆయప్ప పోయినాడని ఒగరన్నా ఒప్పుకోండి. పిలిచింది ఆయప్పేనని నలుగురిలో చెప్పు."

నాకు అంతకంటే కష్టమైన పని ఎవరూ చెప్పలేదు. మా వీధిలో ఎవరి మొగుడు పోయినా, గాజులు పగలగొట్టడానికి ఆడవాళ్లు చేరితే అడ్డం నిలబడి తిట్టినవాణ్ణి నేను. బొట్టు పుట్టుకతో వచ్చిందిరా, మొగుడితో కాదు అని అరిచినవాణ్ణి. ఆమెకది తెలుసు. "తెలిసే నీకు చెప్తాండా" అంది. ఏటి వైపు నుంచి మోటారు పడవ మోత ఆగింది. తోపు కూడా ఆగింది. ఆమె వీపు నిటారుగా అయింది. నేను ఏమీ వినలేదు. ఆమె మాత్రం మెల్లగా, పక్కవాడికి చెప్పినంత నెమ్మదిగా, "ఆఁ, వస్తాండా" అంది.

ఈ ఆషాఢం రాకముందే పోయింది.

శవానికి నీళ్లు పోసి మా తమ్ముడి భార్య సరోజ పసుపు రాసి, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. ఎర్రంచు పట్టుచీర, తల్లో పూలు. నేను లోపలికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె కోరింది కూడా చెప్పాను. సరోజ చేతిలోని పళ్లెం కింద పెట్టేసింది. "ఏం మాట్లాడ్తాండావు బావా? ముత్తైదువను ముండమోపిని చేసి పంపమంటావా? ఇంట్లో పెండ్లి కావాల్సిన ఆడపిల్లలు ఉండారు." మిగిలినవాళ్లు నన్ను మతి పోయినవాణ్ణి చూసినట్టు చూశారు. "సూసొచ్చినావా సముద్రంలో దిగి?" అని ఒకామె మూతి తిప్పింది. సురేష్ చెవిలో గొణిగాడు. "పెదనాయనా, జనం చూస్తాండారు. ఇప్పుడేంటికి? అందరూ మంచి చావు అంటాండారు కదా." అందరూ మంచిదంటే వాడికి చాలు. నేను బయటికి వచ్చి పాడె కట్టే చోట నిలబడ్డాను.

ఆడవాళ్లు వీధి చివర ఆగిపోయారు. చిత్రావతి దారిలో దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఎక్కడైనా మిగిలి ఉంటే తెలుస్తుందని, అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలిచే చోటది. ఆమెకు పిల్లల్లేరు. తలకొరివి పెట్టే సురేష్ వంగి "అవ్వా" అనబోయాడు. నేను వాడి భుజం పట్టి పక్కకు జరిపాను. మోకాళ్ల మీద కూచున్నాను. తువ్వాలు తీసి, అందరూ చూస్తుండగా, ఆమె నొసటి బొట్టు తుడిచాను. ఒక్కసారికి పోలేదు. పసుపు మీద ఎర్రగా అంటుకుంది. మళ్లీ తుడిచాను. పాడె మోసేవాళ్లలో ఒకడు "ఓ పెద్దాయనా! పాపం రా సామీ!" అని అరిచాడు. నేను తల ఎత్తి అందరికీ వినపడేట్టు చెప్పాను. "మా చిన్నాయన నరసింహులు ఏట్లో పోయినాడు. పోతా పోతా ఈమెను పిలిచినాడు. పిలిచింది ఆయనే. నేను విన్న్యా."

వంగి ఆమె చెవి దగ్గర పిలిచాను. పెద్దదాన్ని పేరు పెట్టి పిలవకూడదు. అయినా చిన్నమ్మా అనలేదు. రత్నా అన్నాను. మళ్లీ రత్నా అన్నాను. మూడోసారి, నాకు చేతనైనంత మేర సాగదీసి, రత్నా అన్నాను.

"ఇంగ లెయ్ పెదనాయనా, ఎండ పడతాంది. మూడైపాయ కదా" అన్నాడు సురేష్.

"కూచోరా, ఈ పొద్దు లెక్క లేదు" అన్నాను.